వృద్ధ సంరక్షణ గృహ ప్రవేశం – వ్యయ స్వరూపం: ఆస్ట్రేలియా నూతన విధానం, తెలుగు కుటుంబాలు

వ్యాస సంగ్రహం

ఆస్ట్రేలియాలో 2025 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చిన నూతన వృద్ధ సంరక్షణ చట్టం, సంరక్షణ గృహంలో చేరే వ్యక్తి భరించవలసిన ఖర్చును జీవనం, సంరక్షణ, వసతి అనే భాగాలుగా విడదీస్తుంది. కుటుంబాలను మొదట కలవరపరచేది దినసరి రుసుము. అయితే అసలు భారం వసతి చెల్లింపులోనూ, ఇల్లు, భూమి వంటి స్థిరాస్తులను లెక్కించే తీరులోనూ ఉంది. ఈ విషయాన్ని అంకెలతో వివరించి, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఎదురయ్యే ప్రత్యేక సమస్యలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: వృద్ధ సంరక్షణ, వసతి డిపాజిట్, ఆస్తి పరిశీలన, వృద్ధాప్య పింఛను, ప్రవాస తెలుగువారు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'వృద్ధాశ్రమం' అన్న మాటకు నిఘంటువులో ఉన్న అర్థం కంటే సమాజం అంటగట్టిన అర్థం బరువైనది. ఆశ్రమ శబ్దానికి ఉన్న పవిత్రత ఆ సమాసంలో నిలవలేదు. దిక్కులేనితనం, బిడ్డల నిరాదరణ అన్న భావాలే దానికి స్థిరపడ్డాయి. కథల్లోనూ, సినిమాల్లోనూ వృద్ధాశ్రమం గేటు దగ్గర ఆగిన కారు ఒక నింద. ఈ నిందాభయం కేవలం మానసికమైనది కాదు, దానికి ఆర్థిక పర్యవసానం కూడా ఉంది. మాట్లాడుకోవడానికే ఇష్టపడని విషయానికి ఎవరూ ముందుగా లెక్క వేసుకోరు. తుంటి ఎముక విరిగిన తరువాతనో, మతిమరుపు వ్యాధి ముదిరిన తరువాతనో, ఆసుపత్రి నుండి ఇంటికి పంపడం కుదరదని వైద్యులు చెప్పిన రోజున ఆ లెక్క మొదలవుతుంది. అప్పటికి ఎంచుకునే అవకాశాలు చాలావరకు మూసుకుపోయి ఉంటాయి.

ఆస్ట్రేలియాలో 2021 జనగణన నాటికి ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య యాభై వేలు దాటింది. వీరిలో అధికులు ఉద్యోగ వయస్కులే. వారి వెంట వెళ్లిన తల్లిదండ్రులు ఇప్పుడు ఎనభయ్యో పడికి చేరుతున్నారు. ఆ దేశపు వృద్ధ సంరక్షణ వ్యవస్థతో వీరికి ఏర్పడే తొలి పరిచయం సాధారణంగా ఒక రుసుముల పత్రం ద్వారానే జరుగుతుంది. ఆ పత్రంలోని పదాలకు తెలుగులో స్థిరపడిన సమానార్థకాలు లేవు. అనువాదకుడు ఎదుర్కొనే మొదటి చిక్కు 'కాంట్రిబ్యూషన్' అన్న పదం దగ్గరే వస్తుంది. దానిని 'విరాళం' అంటే ఐచ్ఛికమన్న భ్రమ కలుగుతుంది, 'చందా' అంటే సభ్యత్వమనిపిస్తుంది. ప్రభుత్వం కొంత, వ్యక్తి కొంత భరించే ఖర్చులో వ్యక్తి వంతు అన్నది చట్టం ఉద్దేశం కనుక ఈ వ్యాసంలో 'వాటా' అన్న మాటను గ్రహించడమైంది. మొత్తాలన్నీ ఆస్ట్రేలియా డాలర్లలో, విడిగా చెప్పని చోట 2025 చివరి నెలల నాటి రేట్ల ప్రకారం ఇవ్వబడ్డాయి. పింఛనుకు, ధరల సూచికి అనుగుణంగా ఈ అంకెలు ఏటా మారుతూ ఉంటాయన్నది గమనించాలి.

2. చట్ట నేపథ్యం

ఈ వ్యవస్థకు మూలం 1997 నాటి వృద్ధ సంరక్షణ చట్టం. నర్సింగ్ హోముల్లో చేరేవారందరి నుండి పెద్ద మొత్తంలో 'బాండ్' వసూలు చేయాలని అప్పటి హోవర్డ్ ప్రభుత్వం తలపెట్టింది. చేరడానికి ఇల్లు అమ్ముకోవలసి వస్తుందన్న భయంతో తీవ్ర వ్యతిరేకత వచ్చింది. దాంతో ప్రభుత్వం అదే ఏడాది అధిక సంరక్షణ అవసరమైనవారి విషయంలో ఆ ప్రతిపాదనను విరమించుకుంది. తక్కువ సంరక్షణ విభాగంలో మాత్రం బాండ్ కొనసాగింది. 2014 జూలై 1 నుండి ఈ విభజనను తొలగించి, అందరికీ వర్తించే విధంగా తిరిగి చెల్లించే డిపాజిట్‌ను, దానికి ప్రత్యామ్నాయంగా దినసరి చెల్లింపును ప్రవేశపెట్టారు.

2018లో ఏర్పాటైన రాయల్ కమిషన్ మధ్యంతర నివేదికకు 'నిర్లక్ష్యం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది. 2021 మార్చిలో వెలువడిన తుది నివేదికలో 148 సిఫారసులు ఉన్నాయి. కొత్త చట్టం రావాలన్నది వాటిలో ముఖ్యమైనది. అయితే కమిషన్ ప్రధానంగా నాణ్యత గురించి మాట్లాడింది. ఆ నాణ్యతకు డబ్బు ఎవరు పెట్టాలన్న ప్రశ్నకు 2024 మార్చిలో వెలువడిన టాస్క్‌ఫోర్స్ నివేదిక సమాధానం వెతికింది. ప్రత్యేక పన్ను వద్దని, స్తోమత ఉన్న వృద్ధులే తమ జీవన, వసతి వ్యయాల్లో ఎక్కువ భాగం భరించాలని అది సూచించింది. 2024 చట్టం ఈ సూచన మీదనే నిలబడింది. 2025 జూలైలో అమలు కావలసిన ఆ చట్టం నాలుగు నెలలు వాయిదా పడి నవంబరు 1న అమలులోకి వచ్చింది. ఆ తేదీకి ముందే సంరక్షణ గృహాల్లో ఉన్నవారికి పాత రుసుముల విధానమే కొనసాగుతుంది. అందువల్ల ఒకే గృహంలో పక్కపక్క గదుల్లో ఉన్న ఇద్దరు వేర్వేరు సూత్రాల ప్రకారం డబ్బు కడుతూ ఉండవచ్చు. పరిచయస్థులు చెప్పిన అంకెలను నమ్ముకుని లెక్క వేసుకోకూడదనడానికి ఇది బలమైన కారణం.

3. దినసరి రుసుములు

ప్రతి ఒక్కరూ చెల్లించవలసింది ప్రాథమిక దినసరి రుసుము. భోజనం, బట్టలు ఉతకడం, గది శుభ్రం చేయడం, విద్యుత్తు వంటి జీవన వ్యయాలకు ఇది ఉద్దేశించబడింది. ఒంటరి వ్యక్తికి ఇచ్చే మూల వృద్ధాప్య పింఛనులో 85 శాతంగా చట్టం దీనిని నిర్ణయించింది. 2025 సెప్టెంబరు 20 నుండి ఇది రోజుకు 65.55 డాలర్లు. అనుబంధ భత్యాలతో కలిపి పూర్తి పింఛను రెండు వారాలకు 1,178.70 డాలర్లు, అంటే రోజుకు 84.19 డాలర్లు. రుసుము పోగా పింఛనుదారు చేతిలో మిగిలేది రోజుకు 18.64 డాలర్లు. మందులు, ఫోను, బట్టలు, మనవడికి పుట్టినరోజు కానుక అన్నీ ఇందులోనే సర్దుకోవాలి. పేదవారు గృహంలో చేరలేకపోవడమన్నది ఉండకూడదని పింఛనుకు ముడిపెట్టి ఈ రుసుమును నిర్ణయించడం వ్యవస్థలోని మెచ్చుకోదగ్గ అంశం. ఆ మిగులు ఎంత తక్కువో చూస్తే ఆ మెప్పుకు పరిమితి కూడా తెలుస్తుంది.

ఆస్తి, ఆదాయాలు ఒక హద్దు దాటినవారు దీనిమీద రెండు వాటాలు చెల్లించాలి. మొదటిది 'హోటలింగ్' వాటా. జీవన వ్యయాలకు ప్రాథమిక రుసుము చాలక ప్రభుత్వం ఇచ్చే పూరకాన్ని స్తోమత ఉన్నవారి నుండి రాబట్టడం దీని ఉద్దేశం. దీని గరిష్ఠ పరిమితి రోజుకు 22.15 డాలర్లు. 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం 2,38,000 డాలర్లకు మించిన ఆస్తి గానీ, 95,400 డాలర్లకు మించిన వార్షికాదాయం గానీ, రెండూ కలిసి ఆ స్థాయికి చేరడం గానీ దీనికి దారితీస్తుంది.

రెండవది వైద్యేతర సంరక్షణ వాటా. ఇక్కడ చట్టం చేసిన విభజన తాత్త్వికంగా ఆసక్తికరమైనది. నర్సు సేవ, ఫిజియోథెరపీ, మందుల పర్యవేక్షణ వంటి వైద్యపరమైన సంరక్షణకు ఎంత ధనవంతుడైనా ఒక్క డాలరు కట్టనక్కరలేదు. ఆ ఖర్చు పూర్తిగా ప్రభుత్వానిది. స్నానం చేయించడం, నడవడానికి చేయూతనివ్వడం, కాలక్షేపానికి కార్యక్రమాలు నిర్వహించడం మాత్రం వైద్యేతరం కనుక వాటికి రోజుకు 105.30 డాలర్ల వరకు వాటా పడుతుంది. గాయానికి కట్టు కట్టే చెయ్యి ఉచితం, ఒళ్లు రుద్దే చేతికి వెల ఉందన్నమాట. మతిమరుపు వ్యాధిగ్రస్తురాలికి స్నానం చేయించడం ఎక్కడ సేవగా ఆగి ఎక్కడ చికిత్స అవుతుందో నిర్ణయించడం తేలిక కాదు. అయినా ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు కనుక చట్టం అక్కడ గీసింది. 2024 నాటి లెక్కలో సుమారు 5 లక్షల డాలర్లకు పైబడిన ఆస్తి, లేదా 1,31,000 డాలర్లకు పైబడిన ఆదాయం ఉన్నవారికే ఈ వాటా వర్తిస్తుంది. దీనికి జీవితకాలపు పరిమితి ఉంది. నాలుగేళ్లు గడిచినా, చెల్లించిన మొత్తం 1,35,318.69 డాలర్లకు చేరినా, ఏది ముందైతే అప్పుడు ఆగిపోతుంది. గరిష్ఠ రేటున కట్టేవారికి సుమారు మూడున్నరేళ్లలో ఆ పరిమితి చేరుతుంది.

మూడు రుసుములూ గరిష్ఠ స్థాయిలో పడిన వ్యక్తికి రోజుకు సరిగ్గా 193 డాలర్లు. కేబుల్ టీవీ, ప్రత్యేక భోజనం, వైన్ వంటి అదనపు సౌకర్యాలకు విడి ఒప్పందం ఉంటుంది. అది ఐచ్ఛికం.

4. వసతి చెల్లింపు

ప్రతి గృహమూ తన గదుల ధరలను ముందుగా ప్రకటించాలి. ఆ ధర రెండు రూపాల్లో ఉంటుంది. మొత్తంగా కడితే 'రిఫండబుల్ అకామొడేషన్ డిపాజిట్', అంటే వ్యక్తి వెళ్లిపోయినప్పుడు లేదా మరణించినప్పుడు తిరిగి ఇచ్చే వసతి డిపాజిట్. రోజువారీగా కడితే 'డైలీ అకామొడేషన్ పేమెంట్', అంటే తిరిగి రాని అద్దె వంటి చెల్లింపు. కొంత డిపాజిట్‌గా, కొంత దినసరిగా కట్టడం మూడవ మార్గం. స్వతంత్ర ధరల నియంత్రణ సంస్థ ప్రత్యేక అనుమతి లేకుండా గృహాలు అడగగల గరిష్ఠ డిపాజిట్ చాలాకాలం 5,50,000 డాలర్లుగా ఉండేది. 2025 జనవరి 1 నుండి దానిని 7,50,000 చేశారు. ఆ జూలైలో ధరల సూచికకు అనుగుణంగా అది మరికొంత పెరిగింది.

ఈ రెండు రూపాల మధ్య సంబంధాన్ని నిర్ణయించేది ప్రభుత్వం మూడు నెలలకొకసారి ప్రకటించే వడ్డీ రేటు. 2025 అక్టోబరు–డిసెంబరు త్రైమాసికంలో అది 7.61 శాతం. గది ధర 5,50,000 డాలర్లనుకుంటే దానిమీద ఏడాది వడ్డీ 41,855 డాలర్లు. 365తో భాగిస్తే రోజుకు 114.67 డాలర్లు. పూర్తి వృద్ధాప్య పింఛను ఏడాదికి సుమారు 30,646 డాలర్లని గుర్తుచేసుకుంటే ఈ అంకె బరువు తెలుస్తుంది. ఒక్క గది అద్దే మొత్తం పింఛనును మించిపోతోంది. భోజనం, సంరక్షణ ఖర్చులు దీనికి అదనం. దినసరి రుసుముల గురించి పత్రికల్లో జరిగిన చర్చ ఎంత విస్తృతమైనదో, వసతి గురించి జరిగినది అంత పలుచనిది. నిజానికి మధ్యతరగతి కుటుంబం తేల్చుకోవలసిన అసలు విషయం ఇక్కడే ఉంది.

నూతన చట్టం ఇక్కడ రెండు మార్పులు చేసింది. 2025 నవంబరు 1 తరువాత చేరినవారి డిపాజిట్ నుండి గృహ నిర్వాహకులు ఏడాదికి 2 శాతం చొప్పున ఐదేళ్లపాటు తగ్గించుకుంటారు. పై ఉదాహరణలో తొలి ఏడాది తగ్గేది సుమారు 11,000 డాలర్లు. ఐదేళ్లలో అది గరిష్ఠంగా 55,000 డాలర్ల వరకు వెళ్లవచ్చు. 'తిరిగి చెల్లించే' అన్న విశేషణం కాగితం మీద అలాగే ఉంది కానీ పూర్తిగా తిరిగి రాదు. ఇది కొత్త ఆలోచన కాదన్నది గమనార్హం. 2014కు పూర్వపు బాండ్ విధానంలోనూ ఐదేళ్లపాటు కొంత మొత్తాన్ని మినహాయించుకునేవారు. దానిని అప్పుడు రద్దు చేసి, పదకొండేళ్ల తరువాత మరో పేరుతో తీసుకువచ్చారు. రెండవ మార్పు దినసరి చెల్లింపుకు సంబంధించినది. చేరిన రోజున నిర్ణయమైన రేటు ఇదివరకు మారేది కాదు. ఇప్పుడు వినియోగదారుల ధరల సూచి ప్రకారం ఏటా మార్చి 20న, సెప్టెంబరు 20న పెరుగుతుంది.

డిపాజిట్‌కు ఒక బలమైన రక్ష ఉంది. గృహ నిర్వాహక సంస్థ దివాలా తీసినా, ఆ వ్యక్తికి రావలసిన మొత్తాన్ని ప్రభుత్వమే హామీ పథకం కింద చెల్లిస్తుంది. 2006 నుండి ఈ హామీ అమలులో ఉంది. డిపాజిట్ తీసుకున్నాక వ్యక్తి దగ్గర సుమారు 63,000 డాలర్ల కనీస ఆస్తి మిగిలి ఉండాలన్న నియమం కూడా ఉంది. చెల్లింపు రూపాన్ని తేల్చుకోవడానికి గృహంలో చేరిన రోజు నుండి 28 రోజుల గడువు ఇస్తారు. తేల్చుకునేదాకా దినసరి చెల్లింపు నడుస్తూనే ఉంటుంది.

ఆ 28 రోజుల్లో జరిగేదేమిటో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. ఒక వితంతువుకు 8 లక్షల డాలర్ల విలువైన ఇల్లు, 20 వేల డాలర్ల పొదుపు, పూర్తి పింఛను ఉన్నాయి. ఇంట్లో ఆమె తప్ప ఎవరూ లేరు. ఇల్లు అమ్మకుండా ఆమె 5,50,000 డాలర్ల గదిలో చేరితే రోజుకు ప్రాథమిక రుసుము 65.55, వసతి 114.67, మొత్తం 180.22 డాలర్లు. పింఛను 84.19 పోగా రోజుకు 96.03 డాలర్ల లోటు. అది ఏడాదికి 35,000 డాలర్లు దాటుతుంది. ఇంటిని అద్దెకిచ్చి కొంత పూడ్చుకోవచ్చు కానీ ఆ అద్దె ఆదాయంగా లెక్కకు వస్తుంది. ఇల్లు అమ్మి డిపాజిట్ కడితే వసతి లోటు తీరుతుంది. కానీ అప్పటిదాకా పరిమిత విలువకే లెక్కలో ఉన్న ఇల్లు ఇప్పుడు 8 లక్షల పూర్తి ధనంగా మారుతుంది. ఆమె వైద్యేతర సంరక్షణ వాటా హద్దును దాటిపోతుంది. వృద్ధాప్య పింఛను లెక్కలో డిపాజిట్‌ను ఆస్తిగా చూడరు, సంరక్షణ రుసుముల లెక్కలో చూస్తారు. ఒకే డబ్బుకు రెండు కార్యాలయ నియమాల్లో రెండు రూపాలున్న ఈ వైరుధ్యాన్ని ఎనభై ఏళ్ల మనిషి, ఆమె దిగులుపడిన బిడ్డలు నాలుగు వారాల్లో అర్థం చేసుకోవాలి.

5. ఇల్లు, పొలం, దానం

పై ఉదాహరణలోని 'పరిమిత విలువ' ఏమిటో విడమరచాలి. సంరక్షణ గృహంలో చేరే వ్యక్తి ఇంట్లో జీవిత భాగస్వామి నివసిస్తూ ఉంటే ఆ ఇంటిని అసలు లెక్కలోకి తీసుకోరు. ఎవరూ లేకపోతే సుమారు 2,10,555 డాలర్ల మేరకే లెక్కిస్తారు. ఇల్లు 3 లక్షలదైనా 30 లక్షలదైనా లెక్కకు వచ్చేది అంతే. పైకి ఇది గొప్ప రాయితీగా కనిపిస్తుంది. అయితే వసతి ఖర్చులో ప్రభుత్వ సహాయం ఆగిపోయే ఆస్తి హద్దు కూడా సరిగ్గా అదే అంకె. అందువల్ల ఆ మాత్రం విలువ చేసే, ఎవరూ నివసించని ఇల్లు ఒక్కటి ఉన్నా వసతి పూర్తి ధర కట్టక తప్పదు. సంరక్షణ వాటా దగ్గర ఇంటిని కాపాడిన సూత్రమే వసతి దగ్గర దానిని ముందుకు తోస్తుంది.

భాగస్వామితో పాటు మరికొందరి నివాసాన్ని కూడా చట్టం గుర్తిస్తుంది. ఆధారపడిన పిల్లలు, ప్రభుత్వ ఆదాయ సహాయానికి అర్హత ఉండి కనీసం రెండేళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్న సంరక్షకులు, అటువంటి అర్హతతోనే ఐదేళ్లుగా ఉంటున్న దగ్గరి బంధువులు ఇందులోకి వస్తారు. ఉమ్మడిగా ఉండే తెలుగు కుటుంబాలు సాధారణంగా పొరబడేది ఇక్కడే. అమ్మ పేరున ఉన్న ఇంట్లో కొడుకు పదేళ్లుగా ఉంటున్నా, అతడు ఉద్యోగి అయి ఆదాయ సహాయానికి అర్హుడు కాకపోతే అతడి నివాసం ఆ ఇంటిని లెక్క నుండి తప్పించదు.

ఆస్తి పరిశీలన ఆస్ట్రేలియా ఎల్లల దగ్గర ఆగదు. ప్రపంచంలో ఎక్కడున్న ఆస్తినైనా ప్రకటించాలి. గుంటూరు జిల్లాలోని మాగాణి, వరంగల్లులోని ఇంటి స్థలం, హైదరాబాదులో అద్దెకిచ్చిన అపార్టుమెంటు, బ్యాంకు ఫిక్సెడ్ డిపాజిట్ అన్నీ మార్కెట్ విలువకు డాలర్లలో లెక్కకు వస్తాయి. గత పదిహేనేళ్లలో తెలుగు రాష్ట్రాల్లో భూముల ధరలు పెరిగిన తీరు తెలిసినవారికి దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. ఏటా కౌలుగా కొద్దిపాటి బస్తాలు మాత్రమే ఇచ్చే నాలుగెకరాలు, కాగితం మీద ఆ తల్లిని స్తోమత ఉన్నవారి వరుసలో నిలబెడతాయి. భూమిని అమ్మి డబ్బు తరలించడం అంత సులువు కాదు, ఆమెకు మనసొప్పదు. కానీ రుసుము మాత్రం వెంటనే కట్టాలి.

దీనికి విరుగుడుగా చాలా కుటుంబాలకు తోచే ఆలోచన పొలాన్ని ముందుగానే పిల్లల పేరున దానపట్టా రాయడం. కూతురికి పసుపు కుంకుమల కింద ఇచ్చే భూమి, కొడుకులకు పంచే వాటా మన కుటుంబ వ్యవస్థలో ధర్మబద్ధమైన ఆచారాలు. ఆస్ట్రేలియా నియమాలు వాటిని 'కోల్పోయిన ఆస్తి'గా చూస్తాయి. ఒక ఆర్థిక సంవత్సరంలో 10,000 డాలర్లు, ఐదేళ్లలో మొత్తం 30,000 డాలర్ల వరకు ఇచ్చిన దానాన్ని పట్టించుకోరు. అంతకు మించిన భాగాన్ని దానం చేసిన నాటి నుండి ఐదేళ్లపాటు ఆ వ్యక్తి దగ్గరే ఉన్నట్లు లెక్కిస్తారు. పొలం చేయి దాటిపోయింది, దాని నీడ మాత్రం రుసుముల పత్రం మీద పడుతూనే ఉంటుంది. దానపట్టా రాయడం తప్పు కాదు. ఎప్పుడు రాశారన్నది ముఖ్యం.

ఇంతకంటే సున్నితమైన పరిస్థితి మరొకటి ఉంది. హైదరాబాదులోని ఇల్లు అమ్మి, ఆ డబ్బును సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో కొడుకు కొంటున్న ఇంట్లో పెట్టి, వారితో కలిసి ఉండే తల్లిదండ్రులు అనేకులు. జీవితాంతం అక్కడ ఉండే హక్కుకు బదులుగా డబ్బు ఇచ్చిన ఇటువంటి ఏర్పాటును అక్కడి చట్టం 'గ్రానీ ఫ్లాట్' హక్కుగా గుర్తించి, దానం నియమాల నుండి చాలావరకు మినహాయిస్తుంది. అయితే ఐదేళ్లలోగా ఆ ఇంటిని వదలవలసి వచ్చి, అందుకు దారితీసిన కారణం ఏర్పాటు చేసుకున్న నాటికే ఊహించదగినదైతే, ఇచ్చిన డబ్బును దానంగా పరిగణించే అవకాశం ఉంది. అప్పటికే తీవ్రమైన వ్యాధి నిర్ధారణ అయి ఉండడం ఇటువంటి కారణం. కొడుకుతో రాతపూర్వకంగా ఒప్పందం రాసుకోవడాన్ని మన పెద్దలు అవమానంగా భావిస్తారు. సంరక్షణ గృహం తలుపు దగ్గర ఆ కాగితమే వారిని కాపాడేది.

6. పింఛను లేని తల్లిదండ్రులు

పైన చెప్పిన లెక్కలన్నీ వృద్ధాప్య పింఛను ఉన్నదన్న ఊహ మీద నడిచాయి. ఆ పింఛనుకు సాధారణంగా పదేళ్ల నివాసం కావాలి. తల్లిదండ్రుల శాశ్వత వీసా మీద డెబ్భైల్లో వెళ్లినవారికి ఎనభయ్యో పడిలో గానీ ఆ అర్హత రాదు. సంరక్షణ గృహ రాయితీకి ఈ పదేళ్ల నియమం లేదు. కానీ పింఛను లేకపోయినా ప్రాథమిక రుసుము తప్పదు. ఏడాదికి సుమారు 23,926 డాలర్లు పిల్లల జీతం నుండి రావలసిందే. తీవ్రమైన ఆర్థిక ఇబ్బంది ఉన్నవారు తగ్గింపు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. భారత్, ఆస్ట్రేలియాల మధ్య 2016 జనవరి 1 నుండి అమలులో ఉన్న సామాజిక భద్రతా ఒప్పందం ఇక్కడ కొంతమేరకు ఉపయోగపడుతుంది. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ పరిధిలోని పింఛను పథకంలో చందా కట్టిన కాలాన్ని ఆస్ట్రేలియా నివాస కాలంతో కలిపి అర్హతను చూడడానికి అది వీలు కల్పిస్తుంది. సంఘటిత రంగంలో పనిచేసినవారికే ఇది పనికివస్తుంది. జీవితమంతా వ్యవసాయంలోనూ ఇంటి పనిలోనూ గడిపిన తల్లులకు ఈ ఒప్పందంలో చోటు లేదు.

తాత్కాలిక వీసా మీద ఉన్నవారి పరిస్థితి మరింత భిన్నం. 2019లో ప్రవేశపెట్టిన 870 వీసాదారులకు మెడికేర్ అర్హత లేదు. వారి ఆరోగ్య వ్యయాల బాధ్యత స్పాన్సరు చేసిన బిడ్డదే. పడక పట్టిన తల్లికి అక్కడ సంరక్షణ గృహమన్నది పూర్తి ధర చెల్లించి కొనవలసిన వస్తువు.

బిల్లులో కనిపించని మరో ఖర్చు కూడా ఉంది. మతిమరుపు వ్యాధి ముదిరినప్పుడు తరువాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోయి, తల్లి భాష మిగలడం వైద్యులకు పరిచితమైన విషయం. ఇంగ్లీషు పోయి తెలుగు మాత్రమే మిగిలిన తల్లికి దాహం వేసిందో నొప్పి పుట్టిందో చెప్పగలిగే భాష చుట్టూ వినిపించదు. భోజనం ప్రాథమిక రుసుములో భాగమే అయినా, ఆమె తినగలిగే పప్పన్నం, చారు ఆ వంటశాలలో ఉండవు. రోజూ క్యారియరు తీసుకుని గంటసేపు కారు నడిపే కోడలి సమయానికి, ఆమె వదులుకున్న పని గంటలకు ఏ పట్టికలోనూ గడి లేదు.

7. తెలుగు రాష్ట్రాల విధానంతో ఒక తేడా

తెలుగు రాష్ట్రాల్లో డబ్బు తీసుకుని నడిపే వృద్ధుల గృహాలు సాధారణంగా ఒక డిపాజిట్, ఒక నెలసరి మొత్తం చెబుతాయి. గది ఎంత, భోజనం ఎంత, సేవ ఎంత అన్న విభజన అరుదు. భారతీయ చట్టం కూడా ఈ ఖర్చును ముద్దగానే చూస్తుంది. దాతృత్వ సంస్థగా నమోదైన వృద్ధాశ్రమాలు అరవై ఏళ్లు నిండినవారి నుండి నెలకు 25,000 రూపాయల వరకు తీసుకునే మొత్తానికి జీఎస్టీ మినహాయింపు ఇచ్చిన 2018 నాటి ప్రకటన, వసతి, భోజనం, నిర్వహణ అన్నీ కలిపిన అంకెగానే ఆ పరిమితిని నిర్ణయించింది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమాన్ని, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా ఏర్పాటు చేయడం గురించి చెబుతుంది. నిరుపేదలు కాని, ధనవంతులూ కాని వారు కట్టే డిపాజిట్ ఏమవుతుందన్నది దాని పరిధిలోకి రాలేదు. ఆస్ట్రేలియాలో ఉన్నటువంటి ప్రభుత్వ హామీ ఇక్కడి డిపాజిట్లకు లేదు. విభజన లేనిచోట బేరమాడడానికీ, నిలదీయడానికీ ఆధారం ఉండదు. ఆస్ట్రేలియా పట్టిక ఎంత జటిలమైనదైనా, స్నానానికి ఎంత కడుతున్నామో, గదికి ఎంత కడుతున్నామో విడివిడిగా అడిగే హక్కును అది ఇస్తుంది.

8. డిపాజిట్ తిరిగి వచ్చే క్రమం

వ్యక్తి మరణించిన తరువాత డిపాజిట్‌లో మిగిలిన మొత్తం ఆమె వారసత్వ ఆస్తిలో కలుస్తుంది. వీలునామాను న్యాయస్థానం ధ్రువీకరించిన పత్రం, లేదా వీలునామా లేనిచోట ఆస్తి నిర్వహణాధికార పత్రం చూపిన 14 రోజుల్లో నిర్వాహకులు ఆ డబ్బు చెల్లించాలి. గడువు మొదలయ్యేది మరణించిన రోజు నుండి కాదు, ఆ పత్రం అందిన రోజు నుండి. డబ్బు సమకూర్చిన బిడ్డ ఒకరు, వారసులు నలుగురు అయిన సందర్భాల్లో ఇది చిక్కు తెస్తుంది. తల్లి పేరున కట్టిన డిపాజిట్ చట్టం దృష్టిలో తల్లి ఆస్తి. ఆ డబ్బు అప్పుగా ఇచ్చినట్లు రాత లేకపోతే అది అందరు వారసులకూ చెందుతుంది. వారిలో కొందరు విజయవాడలో, కొందరు డల్లాస్‌లో ఉన్నప్పుడు సంతకాల సేకరణకే నెలలు పట్టవచ్చు. అందుచేత గృహ ప్రవేశ ఒప్పందంతో పాటు సిద్ధం చేసుకోవలసిన కాగితాలు రెండున్నాయి: ఆస్ట్రేలియా చట్టం ప్రకారం రాసిన వీలునామా, ఆమెకు మతి సరిగా ఉన్నప్పుడే ఇచ్చిన శాశ్వత అధికార పత్రం. రెండవది లేకుండా మతిమరుపు ముదిరితే, ఆమె ఇల్లు అమ్మడానికి గానీ డిపాజిట్ కట్టడానికి గానీ ఆ రాష్ట్రపు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి, ఆమె ఆర్థిక వ్యవహారాలకు బాధ్యుడిని నియమింపజేసుకోవలసి వస్తుంది. ఆ నియామకం జరిగేదాకా రోజుకు 114.67 డాలర్ల చొప్పున దినసరి చెల్లింపు నడుస్తూనే ఉంటుంది.